లేని కాలు

చిరంజీవి పిచ్చుకకు,

మీ అత్త మనసారా దీవించి రాస్తున్న సంగతులు. నువ్వక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నావని నమ్ముతాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం చేతికి అలవాటైపోయింది, కలం దానంతటదే అటు పోయింది. నేనే పట్టి ఆపాను. మీ నాన్న క్షేమంగా లేడమ్మా.

ఈ ఉత్తరం మీ మామయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నిన్ను తీసుకురావడానికే ఆయన వస్తున్నాడు. ఆయన సంగతి తెలిసిందే కదా, "బయల్దేరు" అన్న ఒక్క మాట తప్ప ఇంకోటి నోట్లోంచి ఊడిపడదు. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు, నువ్వేమో నీకు తోచినవన్నీ ఊహించుకుంటూ కూర్చుంటావు. అందుకని రాస్తున్నాను. బస్సు కదిలాకే నీ చేతికివ్వమన్నాను.

నీ పోయిన ఉత్తరానికి నేనింకా జవాబివ్వలేదు. ముందు అందులో నువ్వడిగినవాటికి చెప్తాను. అసలు సంగతి పక్కనబెట్టి ఇదేమిటి అనుకోకు. నన్ను నేను కాస్త కూడదీసుకోవాలి.

బూట్లు కరుస్తున్నాయన్నావు. ఒక సైజు పెద్దవి తీసుకుని మందపాటి మేజోళ్లు తొడుక్కో. సాయంత్రానికి పాదాలు పొంగుతాయి, పొద్దున సరిపోయిన బూటు అప్పుడు సరిపోదు. సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నావని మీ టీచరు అందరిముందూ మందలించిందన్నావు. దానికేం ఏడవక్కర్లేదు. నేను మొదటిసారి గుచ్చింది మనిషికి కూడా కాదు, కమలాపండుకు. దానికే కళ్లు మూసుకున్నాను. ఆ లెక్కన నువ్వు నాకన్నా చాలా నయం.

ఇక మీ పుస్తకంలో "విమర్శనాత్మక ఆలోచన" అని పెద్ద పేరు పెట్టి అయిదు మెట్లు కట్టారనీ, రోగిని గమనించడం దగ్గర్నుంచి చేసిన పనిని మళ్లీ చూసుకోవడం దాకా అన్నీ బట్టీ పట్టేశాననీ, ఒక్క ముక్క తలకెక్కలేదనీ రాశావు. అది మెట్లెక్కినట్టు జరగదు తల్లీ. మొన్నామధ్య మా వార్డులో ఒక పెద్దాయన అన్నం ముట్టడం మానేశాడు. మొండివాడని ఒకరు, మనసు బాగాలేదని ఒకరు, ముక్కులోంచి గొట్టం వేద్దామని ఇంకొకరు. నేను పళ్లెం పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆయన పెదాలు లోపలికి పోయి ఉన్నాయి. "తాతా, పళ్లసెట్టేది?" అంటే దుప్పటి వైపు చూపించాడు. పాత దుప్పట్లలో చుట్టుకుని అది చాకిరేవుకు పోయింది. పరాయి ఆడవాళ్లముందు బోసినోటితో అడగడానికి సిగ్గుపడి రెండు పూటలు పస్తున్నాడు. అంతే. ఎదుటి మనిషికి మనం పెట్టిన పేరు నమ్మకుండా, ఆ మనిషినే ఇంకోసారి చూడటం. మీ పుస్తకమంతా ఆ ఒక్క పనికే.

ఉత్తరం చివర్న ఇంకో ప్రశ్న రాశావు. నర్సు రోగి తరఫున మాట్లాడే గొంతు కావాలని మీ టీచరు చెప్పిందట. "రోగి కోరేది ఒకటీ, రోగికి మేలు చేసేది ఇంకోటీ అయితే నర్సు ఎటు నిలబడాలి అత్తా? పరీక్షలో వస్తుందంటున్నారు, నాలుగు లైన్లు రాసి పంపు" అన్నావు. నాలుగు లైన్లు రాద్దామనే కూర్చున్నాను. ఈలోగా మీ నాన్నను మా వార్డుకు తీసుకొచ్చారు.

పరీక్షలయ్యేదాకా నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు మీ మామయ్య చేత చెప్పించి ఆ ఒట్టు తనే తీసేసింది.

ఎడమ పాదం. బేకరీలో ఉక్కపోతకు చెప్పులు విడిచి పనిచేస్తున్నాడట. పొయ్యిలోంచి తీసిన రేకు పళ్లెం కింద పెట్టి, మరిచిపోయి దానిమీదే కాలు ఆన్చి నిలబడ్డాడు. చక్కెర జబ్బు ఆ పాదంలో స్పర్శ ఎప్పుడో తినేసింది కదా, కాలింది తెలియలేదు. పనివాళ్లకు వాసన వచ్చి అరిస్తే అప్పుడు కిందికి చూసుకున్నాడు. "రొట్టె మాడిందనుకున్నాను పిల్లా" అని నవ్వుతూనే చెప్పాడు నాకు. మీ అమ్మకు చెప్తే దుకాణం మూయిస్తుందని, నాకు చెప్తే ఆసుపత్రిలో పడేస్తానని, గుడ్డ చుట్టుకుని తిరిగాడు. కుడికాలు పోయినప్పుడు కూడా ఇలాగే మొదలైంది. అప్పుడు నువ్వు బళ్లో ఉన్నావు. కొయ్యకాలితో మళ్లీ నడక నేర్చుకుని ఆయన పొయ్యి ముందు నిలబడ్డ రోజున మీ ఇద్దరూ వీధి వీధంతా బన్నులు పంచారు.

ఈసారి గుడ్డ విప్పేసరికి పాదం నల్లబడి చీము పట్టి ఉంది. నేను విప్పలేదు, వాసన బట్టి గుమ్మంలోనే తెలిసిపోయింది. మా సర్జను నాకన్నా వయసులో చిన్న, నెమ్మదస్తుడు. మోకాలి పైకి తీసేయాలనీ, మర్నాడు పొద్దున్నే తీస్తేనే ఆశ ఉందనీ చెప్పాడు. మా పెద్ద సిస్టరు నన్ను పక్కకు పిలిచి, "ఆ మంచం నీది కాదు. అక్కడికి చెల్లెలిగా పో, నర్సుగా పోకు" అంది. సొంతవాళ్లకు సేవ చేసేటప్పుడు కళ్లు చూడాల్సింది చూడవు, చూడాలనుకున్నదే చూస్తాయి. అందుకే మాకా నియమం. నేను సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫారం మార్చుకుని, మామూలు బట్టల్లో వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. మీ అమ్మ మందులకోసం కిందికి వెళ్లింది. మేమిద్దరమే ఉన్నాం.

"రేపు పొద్దున తీస్తారట, చెప్పారా?" అన్నాను.

"చెప్పారు. వద్దంటున్నాను."

"ఎవరితో అన్నావు?"

"ఇదిగో, నీతోనే మొదలు."

చెల్లెలిగా పొమ్మన్నారు గానీ, ఆ మాట వినగానే నాలో నర్సే ముందు లేచింది. ఈ వద్దు ఎవరిది, ఈయనదా, ఈయన ఒంట్లో ఉన్న విషానిదా? నుదుటిమీద చెయ్యి వేశాను. చెల్లెలి చెయ్యే, వెతికింది మాత్రం జ్వరాన్ని. వెచ్చగా ఉంది, కాలడం లేదు. మత్తిచ్చే మందేదీ పడలేదని డ్యూటీలో ఉన్న అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. చక్కెర అప్పుడే చూశారు, పడిపోలేదు. ఏ రోజు, ఏ ఊరు, ఏ వార్డు అని అడిగితే అన్నీ సరిగ్గా చెప్పి, "పెళ్లిచూపులా?" అన్నాడు.

"తీయకపోతే ఏమవుతుందో నీ మాటల్లో చెప్పు" అన్నాను.

"నాకు పరీక్ష పెడుతున్నావా పిల్లా?"

"పెడుతున్నాను."

"విషం పైకి పాకుతుంది. రక్తంలో కలుస్తుంది. తర్వాత పోతాను. ఇంకెంతో కాలం పట్టదు. పాసయ్యానా?"

"మా మీద భారం పడతానని భయమా?"

"మీ మీద ఎప్పుడో పడ్డాను. కొత్తగా పడేదేముంది?"

"మరెందుకు?"

ఆయన తల తిప్పాడు. కుడివైపు దుప్పటి ఖాళీగా పరుచుకుని ఉన్న చోటు చూశాడు. తర్వాత చెప్పిన సంగతి మీ అమ్మకు కూడా అప్పటికి తెలియదు.

"ఆ కాలు ఉంది పిల్లా. పోలేదు. రోజూ మండుతుంది. బొటనవేలు ఎవరో మెలిపెట్టి తిప్పుతున్నట్టుంటుంది. చూస్తే ఉండదు. గోకుదామంటే పరుపు తగులుతుంది. మాత్రలు మింగాను. మీకెవరికీ చెప్పకుండా నొప్పుల డాక్టరు దగ్గరికి కూడా పోయాను. ఆయన అద్దం అడ్డంపెట్టి, ఈ ఎడమకాలిని అందులో చూపించి, ఇదే నీ కుడికాలు, కదిలించు, మంట తగ్గుతుంది అన్నాడు. నిజమే, తగ్గేది. నేను తెల్లారేసరికి దుకాణానికి ఎందుకు పోయేవాణ్ననుకున్నావు? పిండి కలపడానికే కాదు, తలుపేసుకుని అద్దం ముందు కూర్చోడానికి."

ఆ ఎడమకాలి మీద దుప్పటి సర్దాను.

"ఇప్పుడీ కాలూ తీసేస్తే అద్దంలో ఏం చూపిస్తారు?"

దీనికి నా దగ్గర జవాబు ఉండాలి కదా పిచ్చుకా. ఇన్నేళ్ల సర్వీసు. ఉన్నవన్నీ చెప్పాను. కొత్త మందులొచ్చాయన్నాను, నరానికి మత్తు పెట్టే పద్ధతులున్నాయన్నాను, ఆ డాక్టర్నే వార్డుకు పిలిపిస్తానన్నాను. అన్నీ విన్నాడు. "నువ్వు చెప్పేది అబద్ధమని కాదు. నా వల్ల కాదు. చావాలనీ లేదు. ఇంకో లేని కాలు మాత్రం నాకొద్దు" అన్నాడు. కాసేపాగి, వేరే కబుర్లు చెప్పి, అదే ప్రశ్న ఇంకో దారిలో తిప్పి అడిగాను. అదే జవాబు. మూడోసారి చెల్లెలిగా అడిగాను, ఏడ్చాను కూడా. నా తల నిమిరాడు గానీ జవాబు మార్చలేదు.

"పిచ్చుక మాటేమిటి?" అన్నాను.

"అది వచ్చేదాకా ఉంటే బాగుండు. లేకపోతే నువ్వే చెప్పు. ఇలాంటివి చెప్పడం నీకొచ్చు."

నాకు రాదమ్మా. చూస్తున్నావుగా, ఎంతసేపటికి ఇక్కడికి వచ్చానో.

బయటికొచ్చి పెద్ద సిస్టరుకు అంతా చెప్పాను. సర్జను ఇంకో ఆపరేషన్‌లో ఉన్నాడు. పొద్దున్నే తనే వచ్చి నిదానంగా మాట్లాడతానని, నొప్పుల డాక్టర్ని వెంటబెట్టుకొస్తానని కబురంపాడు. తను కూడా చేయాల్సిందే చేశాడు. పొద్దున ఆయన వచ్చేసరికి మీ నాన్న ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. "పిండి పొంగిందేమో చూడండి, దించేయాలి" అంటున్నాడు. మీ అమ్మ పేరు పెట్టి పిలిస్తే "అమ్మగారూ, బన్నులు అయిపోయాయి" అన్నాడు.

సర్జను మమ్మల్నిద్దర్నీ వరండాలోకి తీసుకొచ్చాడు. పక్కన చక్రాల కుర్చీలు వరసగా మడిచి పెట్టి ఉన్నాయి. ఆయన వాటివైపే చూస్తూ మాట్లాడాడు.

"ఇప్పుడు ఆయన నిర్ణయం చెప్పగలిగే స్థితిలో లేరు. అలాంటప్పుడు ఆయన భార్య ఒప్పుకుంటే నేను ఆపరేషన్ చేయొచ్చు. గుండె కూడా అంత గట్టిది కాదు, బతుకుతారని మాటివ్వలేను. అవకాశం మాత్రం ఉంది."

"చేయండి" అంది మీ అమ్మ.

"ఒక్క విషయం. నిన్న ఆయన వద్దన్నారని సిస్టరు చెప్పారు. తెలివిలో ఉండి అన్నీ అర్థం చేసుకుని వద్దని ఉంటే, ఇప్పుడు స్పృహలో లేరు కదా అని నేను కోయకూడదు. అప్పటికే జ్వరం తలకెక్కి మాట్లాడి ఉంటే ఆ మాటకు విలువ లేదు." నావైపు తిరిగాడు. "అప్పుడు ఆయనతో ఉన్నది మీరొక్కరే. ఆయన తెలివిలో ఉన్నారా?"

మీ అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు. "నర్సులా చెప్పకు. చెల్లెల్లా చెప్పు" అంది.

కాస్త అటూ ఇటూగా ఉన్నాడండీ అంటే చాలు. ఎవరూ నన్ను తప్పుపట్టరు. పక్కన ఇంకో సాక్షి లేడు. కాలు పోయేది, మనిషి దక్కేవాడేమో. నువ్వు మామూలుగా సెలవులకు ఇంటికొచ్చేదానివి.

"తెలివిలోనే ఉన్నాడు" అన్నాను.

సర్జను తలమీది టోపీ తీసి చేతిలో నలుపుతూ కాసేపు నిలబడ్డాడు. "అయితే మందులతో చూద్దాం. నొప్పి తెలియకుండా చూద్దాం" అని వెళ్లిపోయాడు. మీ అమ్మ నా చెయ్యి వదిలేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికెళ్లి కుర్చీ మంచానికి అటువైపుకు జరుపుకుంది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

ఇక్కడిదాకా మీ మామయ్యకు తెలుసు, సర్జనుకు తెలుసు. ఇకమీద రాసేది ఎవరికీ తెలియదు.

నేను ఆ మధ్యాహ్నం లేచి వచ్చేస్తుంటే మీ నాన్న కళ్లు మూసుకుని, "ఆ కర్టెను వేసి పో అమ్మా" అన్నాడు. వేసి వచ్చేశాను. మామూలు మాట. చెల్లెల్ని అమ్మా అనని అన్న ఏ ఇంట్లో ఉంటాడు? కానీ మా ఇంట్లో అనడు. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆయనకు నేను పిల్లనే. నా పెళ్లిలో పదిమందిలో పిల్లా అని పిలిచినందుకు మీ తాతయ్య చేత చివాట్లు కూడా తిన్నాడు. ముద్దుకు కూడా నన్ను ఒక్కనాడు అమ్మా అనలేదు.

అలసటలో ముద్దుగా అన్నాడా? నేను ఏడ్చానని జాలిపడి అన్నాడా? లేక అప్పటికే ఆ కర్టెను దగ్గర ఆయనకు మా అమ్మ కనిపించిందా? కనిపిస్తే, అంతకుముందు చెప్పినదంతా ఎవరు చెప్పినట్టు? అద్దం సంగతి అంత తీరుగా చెప్పినవాడు మతిలేనివాడు కాదు. అది నాకు గట్టిగా తెలుసు. మరి ఆ ఒక్క మాటో?

వరండాలో సర్జను అడిగినప్పుడు ఆ మాట నాకు గుర్తుంది. నాలుకమీదే ఉంది. నేను చెప్పలేదు. చెప్తే ఆయన దాన్ని తూచేవాడు. తూచాల్సింది ఆయన, నేను కాదు. మనం చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు అప్పగించాలి, మనకు తేలికనిపించిందని ఒక్క గింజ కూడా పక్కకు తీయకూడదు. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ నేనే చెప్తాను. నేనే తీశాను. ఎందుకు తీశానంటే, ఆ మాట చెప్తే కోసేస్తారు. కోస్తే మా అన్నయ్య మేలుకుని రెండు లేని కాళ్లతో నన్ను చూస్తాడు. నువ్వు కూడానా పిల్లా అంటాడు. నేను దానికి భయపడ్డాను. నర్సుగా నిజం చెప్పాననే మీ అమ్మ అనుకుంటోంది. నేను చెల్లెలిగానే మాట్లాడానని ఆమెకు ఎలా చెప్పను?

ఆ సాయంత్రమే పరుగెత్తుకుంటూ సర్జను గదికి పోయాను, చెప్పేద్దామని. నేను నోరు తెరిచేలోపే ఆయన రక్తపరీక్షల ఫలితాలు నా ముందు పెట్టాడు. మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి, బీపీ మందులమీద నిలబడుతోంది. ఇప్పుడు మీరంతా కలిసి అడిగినా నేను బల్లమీదికి తీసుకోలేను సిస్టర్, అక్కడే పోతారు, అన్నాడు. చెప్పాల్సిన మాట నాలోనే ఉండిపోయింది. ఇక దాంతో ఎవరికీ పనిలేదు. నీకు తప్ప.

నువ్వు ఆయన కూతురివి. ఇది దాచి నీ మొహం చూడలేను. నన్ను క్షమించమని అడగడం లేదు. రేపు నువ్వూ రోగి మంచం పక్కన నిలబడతావు కనుక నీకు తెలియాలి. అన్నీ సరిగ్గా గమనించి, అడగాల్సినవన్నీ అడిగి కూడా మనిషి ఇలా మిగిలిపోవచ్చు. నీ పరీక్షకు ఇదేం పనికిరాదు.

ఇప్పుడెలా ఉన్నాడంటే, నొప్పి లేదు. మందు సన్నగా ఎక్కుతూనే ఉంది. ఎప్పుడైనా కళ్లు తెరుస్తాడు, పెదాలు కదుపుతాడు, మాట రాదు. ఊపిరి మధ్యమధ్యలో ఆగి మళ్లీ అందుకుంటోంది. అది చూసి బెదిరిపోకు. చెయ్యి పట్టుకుని మామూలుగా మాట్లాడు. చెవి అన్నిటికన్నా ఆఖర్న పోతుందంటాం మేము. నువ్వొచ్చేసరికి ఆయన ఉంటాడో లేదో చెప్పడం నా చేతిలో లేదు. ఎవరి చేతిలోనూ లేదు.

ఇది రాస్తుండగా మధ్యలో లేవాల్సి వచ్చింది. ఒకేవైపు పడుకోబెడితే వీపు పుండుపడుతుందని అప్పుడప్పుడు పక్కకు తిప్పాలి. డ్యూటీ అమ్మాయి ఇంకో మంచం దగ్గర ఇరుక్కుపోయింది. మీ అమ్మ ఒక్కతే తిప్పబోయింది, చేతకాలేదు. ఈయన బరువు నీకు తెలుసుగా. తల ఎత్తకుండానే "ఎలా తిప్పాలి?" అంది. ఇన్నాళ్లకు నాతో అన్న మొదటి మాట.

చెప్పాను. కింది దుప్పటిని దగ్గరగా చుట్టి పట్టుకోవాలి. నడుము కాదు, మోకాళ్లు వంచాలి. లాగకూడదు, ఇద్దరూ ఒకేసారి ఎత్తినట్టు జరపాలి. ఆమె అటు, నేను ఇటు నిలబడ్డాం. నేను ఒకటి, రెండు అన్నాను. మూడు ఆమె అంది. గోడవైపు తిరిగాడు. వీపు ఎర్రబడలేదు, శుభ్రంగా ఉంది. తలగడ సర్దడానికి వీపు వెనక చెయ్యి పెడితే ఆమె చెయ్యి అక్కడే ఉంది. నా చెయ్యి పట్టుకోలేదు. తనది తీసుకోనూ లేదు. ఆయన ఊపిరి సర్దుకునేదాకా ఇద్దరం అలాగే వంగి ఉన్నాం.

మళ్లీ తిప్పే వేళవుతోంది, వెళ్తాను.

ఇట్లు,
నువ్వు వచ్చాక ఏమని పిలిచినా పలికే
నీ మేనత్త